క్యాన్సర్‌లా, టీబీలా కనిపించే ఐజీజీ4 జబ్బు: తేల్చుకునే దారి

యాభై దాటిన మనిషికి నొప్పేమీ లేకుండా కామెర్లు వచ్చి, స్కాన్‌లో పాంక్రియాస్ దగ్గర గడ్డ ఉందన్నారంటే డాక్టరుకైనా ఇంట్లోవాళ్లకైనా ముందు తట్టేది క్యాన్సరే. తట్టాలి కూడా, చాలాసార్లు అది క్యాన్సరే కాబట్టి. అయితే అలాంటి గడ్డల్లో కొన్ని రోగనిరోధక వ్యవస్థ దారితప్పడం వల్ల వచ్చినవి ఉంటాయి. ఒంట్లోని కణాలే ఒక చోట చేరి వాపు తెచ్చి, ఆ చోటంతా గట్టి మచ్చలా మార్చేస్తాయి, అది గడ్డలా కనిపిస్తుంది. సరైన సమయంలో పట్టుకుంటే స్టెరాయిడ్ మాత్రలకే తగ్గుతుంది. దీని పేరు ఐజీజీ4 సంబంధిత వ్యాధి (ఐజీజీ4 అన్నది రక్తంలో ఉండే ఒక యాంటీబాడీ). మెడ దగ్గర వస్తే టీబీ బిళ్ళలా ఉంటుంది, లేకపోతే లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లా. కళ్ల దగ్గర వస్తే థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బాయనుకుంటారు, కిడ్నీల దగ్గర వస్తే రాయి అడ్డుపడిందనుకుంటారు.

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కల్ని మైనంలో పోసి, సన్నగా కోసి, రంగులు పట్టించి, పాథాలజిస్టు మైక్రోస్కోపు దగ్గరికి పంపే పని. డాక్టర్ని కాను, ఏ మందు ఎంత వేసుకోవాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ జబ్బు ఎక్కడెక్కడ చేజారుతుందో మా టేబుల్ దగ్గర బాగా తెలుస్తుంది, అందుకే పేషెంటు తరఫున ఫైలు పట్టుకుని తిరిగే కొడుకులకీ కూతుళ్లకీ అల్లుళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు ఎందుకు చేజారుతుంది

ఇది నిన్నమొన్న పుట్టిన జబ్బేమీ కాదు, పుస్తకాల్లో వందేళ్లకు పైగా ఉంది. కాకపోతే ఒక్కో అవయవం దగ్గర ఒక్కో పేరుతో ఉంది. కన్నీటి గ్రంథులూ లాలాజల గ్రంథులూ రెండు వైపులా వాచిపోతే మికులిచ్ వ్యాధి అన్నారు, 1892లో రాసిన సంగతి అది. దవడ కింద గ్రంథి రాయిలా గట్టిపడితే కుట్‌నర్ గడ్డ, థైరాయిడ్ గట్టిపడితే రీడెల్ థైరాయిడైటిస్, ఈ రెండూ 1896 నాటివి. కడుపు వెనక భాగంలో, వెన్నెముక ముందు మచ్చ కణజాలం పెరిగి మూత్రనాళాల్ని బిగించేస్తే ఓర్మండ్ వ్యాధి, 1948. పాంక్రియాస్ సంగతి 1961లో ఫ్రాన్స్‌లో సార్లెస్ రాశారు, 1995లో జపాన్ వాళ్లు దానికి ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అని పేరు పెట్టారు. 2001లో హమానో బృందం ఆ పేషెంట్ల రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ బాగా పెరిగి ఉందని చూపించింది, 2003లో కమిసావా బృందం మిగతా అవయవాల్లోనూ అవే కణాలు ఉన్నాయని, ఇదంతా ఒకటే జబ్బని చెప్పింది. అప్పటికిగాని ఈ పేర్లన్నీ ఒక గూటికి చేరలేదు.

అంటే 2003కి ముందు చదువు పూర్తిచేసిన డాక్టరు పాఠ్యపుస్తకంలో ఈ జబ్బు ఈ పేరుతో లేదు. దానికి తోడు మనం వెళ్లే పద్ధతి ఒకటుంది, కంటికి కంటి డాక్టరు, కామెర్లకు గ్యాస్ట్రో డాక్టరు, మూత్రానికి యూరాలజిస్టు, ఎవరి ముక్క వాళ్లు చూస్తారు, ఒకరి చీటీ ఇంకొకరికి చూపించం. ఈ జబ్బు చేజారిపోవడానికి సరిగ్గా అదే చాలు.

ఎప్పుడు అనుమానించాలి

ఒక్క లక్షణం పట్టుకుని అనుమానిస్తే ప్రతి కామెర్ల కేసూ ఇదే అనిపిస్తుంది. జతలు చూడండి. కామెర్లతో పాటు దవడ కింద రెండు వైపులా నొప్పిలేని వాపు ఉందా. పైరెప్పలు వాచి, ఎలర్జీ అని చుక్కలు వేయించుకుంటున్న మనిషికి ఈమధ్య కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగిందా. పాంక్రియాస్‌లో గడ్డ అని చెప్పిన స్కాన్‌లోనే మహాధమని చుట్టూ పొర మందంగా ఉందనో, కిడ్నీలో మచ్చలున్నాయనో ఒక మూల రాసి ఉందా. రెండు మూడు అవయవాలు, నెలలూ ఏళ్లూ పట్టే నత్తనడక, గట్టిగా తగిలే వాపు, నొప్పి అంతగా లేకపోవడం, ఇవి కలిస్తే ఐజీజీ4 పేరు ఎత్తాల్సిందే.

ఎక్కువగా యాభై, అరవై దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది, కన్నూ దవడా దగ్గర వచ్చే రకం మాత్రం ఆడవాళ్లలోనూ దాదాపు అంతే ఉంటుంది. చాలామందికి ముందునుంచీ ఉబ్బసమో, సైనస్ ఎలర్జీయో ఉంటుంది, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు కొద్దిగా పెరిగి ఉంటాయి. బరువు తగ్గొచ్చు. మనిషి మాత్రం స్కాన్‌లో కనిపించినంత జబ్బుగా ఉండడు, నడుస్తాడు, తింటాడు, పొలానికో కొట్టుకో వెళ్లొస్తాడు.

జ్వరం గురించి గట్టిగా చెప్పాలి. రోజూ జ్వరం కాస్తూ ఉంటే అది ఈ జబ్బుకి వ్యతిరేకంగా నిలిచే సాక్ష్యం. 101, 102 జ్వరం, రాత్రి చెమటలు ఉన్న మనిషికి ముందు టీబీ, లింఫోమా, ఇతర ఇన్ఫెక్షన్లు వెతకాలి, నెట్‌లో చదివి ఐజీజీ4 అని పట్టుబట్టకూడదు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఫలానా టెస్టు ఎందుకు రాయలేదని డాక్టర్ని నిలదీసే పిల్లలకి ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను.

కామెర్లు అనగానే పసరు పోయించుకోవడానికి వెళ్లే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకి పేరొచ్చింది. దురద, తెల్లటి మలం, ముదురు రంగు మూత్రం ఉంటే పైత్యనాళం దగ్గర అడ్డు ఉందని లెక్క, దానికి అల్ట్రాసౌండ్ ఆ వారంలోనే కావాలి.

ముందు ఒక కాగితం రాయండి

టెస్టులకంటే ముందు చేయాల్సిన పని ఇది, పైసా ఖర్చు లేదు. ఒక తెల్ల కాగితం మీద ఏ సంవత్సరం ఏమైందో వరసగా రాయండి. దవడ కింద గ్రంథి తీయించుకున్నారా, ఎప్పుడు, ఏ ఆస్పత్రిలో. కళ్ల వాపు ఎప్పటినుంచి. షుగర్ ఎప్పుడు మొదలైంది, ఒక్కసారిగా పెరిగిందా (పాంక్రియాస్ దెబ్బతిన్నప్పుడు అలా అవుతుంది). కిడ్నీకి స్టెంట్ వేశారా. ఎప్పుడైనా స్టెరాయిడ్ వాడారా, ఉబ్బసానికైనా, చర్మానికైనా, ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ అయినా, వాడినప్పుడు వాపులు తగ్గాయా, ఆపాక మళ్లీ వచ్చాయా. ఈ చివరి ప్రశ్నకి జవాబు చాలాసార్లు పేషెంటుకే తట్టదు, ఇంట్లో ఆడవాళ్లని అడగండి, వాళ్లకి గుర్తుంటుంది.

పాత సీడీలు, ఫిల్ములు, రిపోర్టులు అన్నీ తేదీల వరసలో పెట్టండి. పాత ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) రిపోర్టులో గ్లోబ్యులిన్ అనే లైను ఒకటి ఉంటుంది, బిలిరుబిన్ చూసి మిగతాది ఎవరూ చదవరు. ఆల్బుమిన్ కంటే గ్లోబ్యులిన్ ఎక్కువగా, అదీ ఏళ్లుగా ఉంటే, యాంటీబాడీలు అవసరానికి మించి తయారవుతున్నాయని అర్థం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి.

రక్త పరీక్ష: ఎంత నమ్మాలి

సీరమ్ ఐజీజీ4 అని అడగాలి. మొత్తం ఐజీజీ వేరు, ఐజీఈ వేరు, బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఈ మూడూ కలిసిపోతుంటాయి కాబట్టి చీటీ మీద స్పష్టంగా రాయించుకోండి. జపాన్‌లో స్థిరపడిన హద్దు డెసిలీటరుకు 135 మిల్లీగ్రాములు, కానీ ల్యాబుని బట్టి, కిట్టుని బట్టి హద్దు మారుతుంది, మీ రిపోర్టులో పక్కన ముద్రించిన దాంతోనే పోల్చాలి.

ఇక్కడే రెండు వైపులా మోసపోతారు. బయాప్సీతో రుజువైన పేషెంట్లలోనే దాదాపు మూడో వంతు మందికి ఈ సంఖ్య మామూలుగా ఉంటుంది. కాబట్టి నార్మల్ అని రాగానే జబ్బు లేదని ఫైలు మూసేయకూడదు. అటువైపు చూస్తే, పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో పదిమందిలో ఒకరికి, ఏ జబ్బూ లేనివాళ్లలో నూటికి అయిదుగురికి కూడా ఇది కొద్దిగా పెరిగి ఉంటుంది. 160 వచ్చింది, హమ్మయ్య క్యాన్సర్ కాదు అనుకోవడం చాలా ప్రమాదం. హద్దుకి రెండు రెట్లు దాటితే కాస్త బరువు, అయిదు రెట్లు దాటితే ఇంకా బరువు. అప్పుడు కూడా ఒక్క సంఖ్యతో జబ్బు ఖాయం కాదు.

ఇంకో ఇబ్బంది ల్యాబులో ఉంది. రక్తంలో ఐజీజీ4 మరీ విపరీతంగా ఉన్నప్పుడు కొన్ని మెషీన్లు తికమకపడి తక్కువ సంఖ్య చూపిస్తాయి. ప్రోజోన్ ఎఫెక్ట్ అంటారు. శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చేస్తే అసలు సంఖ్య బయటపడుతుంది. లక్షణాలన్నీ సరిపోతూ, గ్లోబ్యులిన్ ఎక్కువగా ఉండి, ఐజీజీ4 మాత్రం వింతగా తక్కువ వస్తే, డైల్యూట్ చేసి రిపీట్ చేస్తారా అని ల్యాబులో అడగండి. అడగడంలో తప్పులేదు, మాకు కోపం రాదు.

దీంతో పాటు సాధారణంగా రాసేవి: సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఈ రెండూ ఒంట్లో వాపుని చూపించేవి), ఎల్‌ఎఫ్‌టీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, షుగర్, ఐజీఈ, సీ3, సీ4 (రోగనిరోధక ప్రొటీన్లు). చివరి రెండూ తక్కువగా ఉంటే కిడ్నీల్లో జబ్బు చేరిందేమో చూడాలి. ఈఎస్‌ఆర్ బాగా ఎక్కువ, సీఆర్‌పీ దాదాపు మామూలు, ఈ జత ఐజీజీ4లో తరచుగా కనిపిస్తుంది. సీఆర్‌పీ కూడా ఆకాశంలో ఉంటే వేరే దారిలో వెతకాలి. ఏఎన్‌సీఏ, ఏఎన్‌ఏ, రో యాంటీబాడీ పరీక్షలు వేరే ఆటోఇమ్యూన్ జబ్బుల్ని పక్కకు పెట్టడానికి చేస్తారు. రక్తం ఇచ్చేది స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే, ఎందుకంటే మొదలుపెట్టాక ఐజీజీ4 పడిపోతుంది.

స్కాన్‌లో ఏం చూస్తారు

పాంక్రియాస్ రకంలో అవయవం మొత్తం ఉబ్బి, సహజంగా ఉండే ముడతలు పోయి, నున్నగా అవుతుంది, రిపోర్టులో సాసేజ్ ఆకారం అని రాస్తారు. చుట్టూ సన్నటి నల్ల అంచు కనిపిస్తే ఇంకా గట్టి ఆధారం. లోపలి నాళం సన్నబడి ఉంటుందే తప్ప, క్యాన్సర్‌లోలాగా అడ్డుకి వెనక బాగా ఉబ్బి ఉండదు. కానీ కొందరిలో ఒక చోటే గడ్డ కడుతుంది, అప్పుడు స్కాన్ చూసి విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. సీఏ 19-9 అనే క్యాన్సర్ మార్కరు కామెర్లు ఉంటే చాలు పెరుగుతుంది, కాబట్టి అదొక్కటీ పెరిగిందని కుంగిపోనక్కర్లేదు, పెరగలేదని నిశ్చింతగా ఉండనూ కూడదు.

ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కాన్‌కి ఖర్చు ఎక్కువే. అయినా అనుమానం బలంగా ఉన్నప్పుడు అది రెండు పనులు చేస్తుంది. పేషెంటుకి తెలియని చోట్ల కూడా జబ్బు ఉందేమో చూపిస్తుంది, ముక్క తీయడానికి సులువైన చోటు ఎక్కడుందో చూపిస్తుంది. పాంక్రియాస్‌లోకి సూది గుచ్చడం కంటే దవడ కింద గ్రంథి నుంచి ముక్క తీయడం ఎంతో తేలిక, పెదవి లోపలి చిన్న గ్రంథి తీసినా కొన్నిసార్లు సరిపోతుంది.

ముక్క పరీక్ష

నా అభిప్రాయంలో ఈ జబ్బు సగం ఇక్కడే గెలుస్తుంది, సగం ఇక్కడే ఓడిపోతుంది.

ముందు సూది సంగతి. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే సన్నసూదితో కొన్ని కణాలు లాగి గాజుపలక మీద పూయడం. క్యాన్సర్ కణాలు ఉంటే దాంట్లో పట్టుకోవచ్చు, ఐజీజీ4 జబ్బుని మాత్రం పట్టుకోలేం, ఎందుకంటే ఇందులో కణాలు ఎలా ఉన్నాయన్నదొక్కటే చాలదు, కణజాలం అల్లిక ఎలా ఉందో కూడా కనిపించాలి. మెడ బిళ్ళకి ఎఫ్‌ఎన్‌ఏసీ చేసి రియాక్టివ్ (ఏదో వాపుకి స్పందన) అని రాస్తారు, పేషెంటు ఇంటికి వెళ్లిపోతాడు, ఏడాది తర్వాత కామెర్లతో తిరిగొస్తాడు. కోర్ బయాప్సీ (లావు సూదితో కణజాలం ముక్క తీయడం) గానీ, బిళ్ళ మొత్తం తీయడం గానీ చేస్తారా అని డాక్టర్ని అడగండి. పాంక్రియాస్ అయితే ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో కోర్ తీసే సూదులు ఇప్పుడు ఉన్నాయి.

తర్వాత సీసాలు. తీసిన ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్ సీసాలో వేసేయడం మామూలుగా జరిగే పని. ఫార్మలిన్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది కాబట్టి ఆ ముక్క మీద ఇక టీబీ కల్చర్ జరగదు, సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షకి కూడా తాజా ముక్కే మేలు. మన దేశంలో మెడ బిళ్ళ అంటే టీబీని వదిలిపెట్టి ఆలోచించలేం, అందుకని రెండు సీసాలు కావాలి, ఒకటి ఫార్మలిన్‌తో పాథాలజీకి, రెండోది మామూలు సెలైన్‌తో మైక్రోబయాలజీకి. థియేటర్ హడావుడిలో సిస్టరుకి గుర్తుండకపోవచ్చు, ముందురోజు రౌండ్స్‌లోనే డాక్టరుతో చెప్పించి కేసు షీట్‌లో రాయించండి. ఒక్కసారి అంతా ఫార్మలిన్‌లో పడ్డాక మళ్లీ కోయించుకోవడం తప్ప దారి లేదు.

మూడోది, చీటీ. మా దగ్గరికి వచ్చే రిక్వెస్టు ఫారాల్లో సగం మీద మెడలో వాపు అనే ఒక్క మాట ఉంటుంది. పాథాలజిస్టుకి ఆ మనిషికి కామెర్లు కూడా ఉన్నాయని, కళ్లు వాచాయని ఎలా తెలుస్తుంది? ఐజీజీ4 రంగు ప్రతి ముక్కకీ వేయరు, అనుమానం ఉంటేనే వేస్తారు. చీటీ మీద పూర్తి కథ, ఐజీజీ4 అనుమానం అన్న మాట ఉండేలా చూసుకోండి. మీరు రాసుకున్న కాగితం జెరాక్సు ఒకటి ఫారానికి పిన్ను కొట్టి ఇస్తే ఇంకా మంచిది, పాథాలజిస్టులు దాన్ని చదువుతారు, నేను చూశాను.

మైక్రోస్కోపు కింద చూసేవి మూడు. లింఫోసైట్లూ, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలూ దట్టంగా నిండి ఉండడం, మచ్చ కణజాలం చాప అల్లికలా చుట్లు తిరుగుతూ ఉండడం, చిన్న సిరలు మూసుకుపోయి ఉండడం. 2011లో బోస్టన్‌లో కూర్చుని పాథాలజిస్టులు ఖాయం చేసుకున్న గుర్తులివి, 2012లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఐజీజీకి ఒక రంగు, ఐజీజీ4కి ఒక రంగు వేసి లెక్కపెడతారు. ప్లాస్మా కణాల్లో ఐజీజీ4 ఉన్నవి నూటికి 40 దాటాలి, విడిగా ఎన్ని ఉండాలన్నది అవయవాన్ని బట్టి ఉంటుంది. పెద్ద లెన్సులో ఒక్క చూపుకి కనిపించే మేరలో లాలాజల గ్రంథిలో అయితే 100కి పైగా, పాంక్రియాస్‌ని ఆపరేషన్ చేసి తీస్తే 50కి పైగా, సూదితో తీసిన పాంక్రియాస్, కిడ్నీ ముక్కల్లో 10కి పైగా. రెండు రంగుల్లో ఒకటే వేసిన రిపోర్టు వస్తే నిష్పత్తి ఎంత అని అడగండి.

రంగు బాగా వచ్చింది కదా అని సంబరపడకూడదు. క్యాన్సర్ గడ్డ చుట్టూ కూడా ఐజీజీ4 కణాలు చేరతాయి, జీపీఏ అనే రక్తనాళాల జబ్బులోనూ, లింఫు గ్రంథులు వాచే క్యాసిల్‌మన్ వ్యాధిలోనూ, కొన్ని ఇన్ఫెక్షన్లలోనూ చేరతాయి. సూది గడ్డ అంచులో దిగి, అసలు క్యాన్సర్ లోపల ఉండిపోతే? అందుకే అల్లిక చూడకుండా లెక్క మాత్రం రాసిన రిపోర్టుకి నేను పెద్దగా విలువివ్వను. ముక్కలో గ్రాన్యులోమాలు (రోగనిరోధక కణాలు ముద్దకట్టిన చోట్లు), కణజాలం కుళ్లిన చోట్లు, న్యూట్రోఫిల్స్ గుంపులు కనిపిస్తే కథ టీబీ వైపో, జీపీఏ వైపో తిరుగుతుంది.

చాలామందికి తెలియని ఒక సౌకర్యం ఉంది. ఏళ్ల కిందట తీసిన ముక్క మైనం బ్లాకు రూపంలో ఆ ఆస్పత్రిలో ఇంకా ఉండే అవకాశం ఉంది. నాలుగేళ్ల కిందట దవడ గ్రంథి తీయించుకుని, గ్రంథిలో దీర్ఘకాలిక వాపు అన్న రిపోర్టుతో ఇంటికొచ్చినవాళ్లు ఉంటారు. ఆ బ్లాకు తెప్పించి ఐజీజీ4 రంగు వేయిస్తే కొత్తగా కత్తి పడకుండానే జవాబు దొరకొచ్చు. రిపోర్టు మీద బయాప్సీ నంబరు ఉంటుంది, అది పట్టుకుని పాథాలజీ విభాగానికి వెళ్లి, పేషెంటు గుర్తింపు కార్డుతో దరఖాస్తు ఇస్తే బ్లాకులు, స్లైడ్లు ఇస్తారు. బ్లాకుని ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, అది మైనం.

కాదని తేల్చుకోవాల్సినవి

క్యాన్సర్, లింఫోమా, టీబీ, ఈ మూడింటినీ పక్కకు పెట్టకుండా ఐజీజీ4 అని ముద్ర వేయకూడదు. తర్వాతి వరసలో షోగ్రెన్, సార్కాయిడోసిస్, జీపీఏ, క్యాసిల్‌మన్ వస్తాయి. షోగ్రెన్‌లో నోరూ కళ్లూ బాగా పొడిబారతాయి, రో యాంటీబాడీ తరచుగా పాజిటివ్ వస్తుంది. క్యాసిల్‌మన్‌లో ఐజీజీ4 పెరిగినా సీఆర్‌పీ కూడా బాగా పెరుగుతుంది, జ్వరం, రక్తహీనత ఉంటాయి.

టీబీ దగ్గర కాస్త ఆగాలి. రుజువు లేకపోయినా చూద్దాం అని టీబీ కోర్సు మొదలుపెట్టడం మన దగ్గర మామూలే, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, చాలామందికి అది ప్రాణం పోసింది కూడా. కానీ మూత్రనాళాలు బిగుసుకుపోతున్న ఐజీజీ4 పేషెంటు ఆరు నెలలు ఆ మందులు వేసుకుంటూ కూర్చుంటే ఈలోపు కిడ్నీ పోతుంది. దానికి తిరుగుడు కూడా అంతే నిజం, టీబీ ఉన్నవాడికి ఐజీజీ4 అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతుంది. టీబీ మందులు మొదలుపెట్టక తప్పకపోతే, ఎన్ని వారాలకి తేడా కనిపించాలి, కనిపించకపోతే ఏం చేస్తారు అని ఆ రోజే అడిగి తేదీ రాసుకోండి.

2019లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక పాయింట్ల పద్ధతి తెచ్చాయి. ముందు అవయవం సరిపోవాలి, తర్వాత జ్వరం, స్టెరాయిడ్‌కి లొంగకపోవడం లాంటి మినహాయింపులు ఏవీ ఉండకూడదు, ఆ తర్వాత రక్తం, స్కాన్, ముక్క అన్నిటికీ పాయింట్లు కలిపితే 20 రావాలి. రక్తంలో ఐజీజీ4 ఎంత పెరిగినా దానికి వచ్చేది గరిష్ఠంగా 11 పాయింట్లే. నిజానికి అది పరిశోధనల్లో పేషెంట్లని చేర్చుకోవడానికి తయారుచేసిన కొలత, 18 వచ్చిందని జబ్బు లేనట్టు కాదు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మనకింకా ఏ ఆధారం తక్కువైందో చూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

స్టెరాయిడ్: ముందు ముక్క, తర్వాత మాత్ర

స్టెరాయిడ్ వేస్తే ఐజీజీ4 వాపు రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. అది చూసి, వేసి చూద్దాం, తగ్గితే అదే అనుకోవచ్చు అనే ఆలోచన వస్తుంది. లింఫోమా కూడా స్టెరాయిడ్‌కి తగ్గుతుంది, తాత్కాలికంగా. అప్పుడు ముక్క తీస్తే మాకు చచ్చిన కణాలూ మచ్చా తప్ప ఏమీ కనిపించదు, మళ్లీ తిరగబెట్టేదాకా నెలలు పోతాయి. మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు, ఆర్‌ఎంపీ ఇచ్చే డెక్సా ఇంజెక్షన్లు చేసే నష్టం కూడా ఇదే. తప్పనిసరై వాడి ఉంటే దాచకండి, ఎప్పుడు ఎంత వాడారో పాథాలజీ చీటీ మీద కూడా రాయించండి.

పాంక్రియాస్ దగ్గర ముక్క తీయడం కుదరక, క్యాన్సర్ లేదని వీలైనంత తేల్చుకున్నాక, అనుభవం ఉన్న గ్యాస్ట్రో డాక్టర్లు రెండు వారాల స్టెరాయిడ్ పరీక్ష పెడతారు. అది వేరు, దానికి తేదీ ఉంటుంది. రెండు వారాలకి స్కాన్ మళ్లీ తీస్తారు, వాపూ నాళం సన్నబడడమూ కళ్లకు కనిపించేంతగా తగ్గాలి. ఆకలి పెరిగింది, హుషారుగా ఉన్నాడు అన్నది లెక్కలోకి రాదు, స్టెరాయిడ్ ఎవరికిచ్చినా హుషారొస్తుంది. తగ్గకపోతే వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లడమే.

మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు, షుగర్ చూసుకోవాలి. నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి ఈ మందులతో ఒక్కసారిగా లేవొచ్చు. కిడ్నీ దగ్గర గానీ పైత్యనాళం దగ్గర గానీ అడ్డు ఎక్కువగా ఉంటే స్టెంట్ వేయడం కూడా ఆ సమయంలోనే ఆలోచిస్తారు. మామూలుగా రోజుకి 30 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో మొదలై, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మెల్లగా తగ్గిస్తూ వస్తారు. మీకు ఎంత అన్నది మీ డాక్టరు చెప్పాలి, సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు. తిరగబెట్టేవాళ్లకి రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, దాని బయోసిమిలర్‌ని (అదే రకం మందుని) మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో ఇనెబిలిజుమాబ్ అనే మందుకి ఈ జబ్బు కోసమే అనుమతి వచ్చింది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఈ జబ్బుని మొత్తంగా చూసేది రుమటాలజిస్టు. కీళ్ల డాక్టరు కదా, కామెర్లకి ఎందుకు అని చాలామంది వెళ్లరు, కానీ రోగనిరోధక వ్యవస్థ తిరగబడే జబ్బులన్నీ వాళ్ల పనే. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. పాంక్రియాస్, పైత్యనాళం సంగతైతే ఏఐజీ ఆస్పత్రి లాంటి చోట గ్యాస్ట్రో డాక్టరు, కంటి గుంట సంగతైతే ఎల్వీ ప్రసాద్ లాంటి చోట కంటి గుంట జబ్బులు చూసే డాక్టరు కూడా చూడాలి. రాయలసీమ వైపు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. ఎవరి దగ్గరికి వెళ్లినా స్కాన్ రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా సీడీ, స్లైడ్లు, బ్లాకు తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపిన రిపోర్టు ఫొటో చూసి అమెరికాలో ఉన్న తెలిసిన డాక్టరు చెప్పగలిగేది చాలా తక్కువ, ముక్కని మళ్లీ చూడాలంటే ఆయనకైనా స్లైడ్ కావాలి.

పాంక్రియాస్ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేసి ఉంటే సర్జన్‌ని ఒక్క మాట అడగండి: ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ కాదని దేన్ని బట్టి అనుకుంటున్నారు? మంచి సర్జన్ రెండు నిమిషాల్లో స్కాన్ చూపించి కారణాలు చెబుతాడు, అప్పుడు ఆపరేషన్‌కి ధైర్యంగా వెళ్లండి, ఇంకా టెస్టులంటూ వాయిదా వేయకండి, నిజంగా క్యాన్సర్ అయితే వారాలు కూడా విలువైనవే. ఆ సంగతి ఆలోచించలేదు అంటే ఐజీజీ4 చేయించి, రెండో అభిప్రాయం తీసుకోండి, ఈ రెండూ వారంలో అయ్యే పనులు.

జబ్బు ఖాయమయ్యాక మొదటి రోజు సంఖ్యలు, అంటే ఐజీజీ4, సీ3, సీ4, క్రియాటినిన్, ఎల్‌ఎఫ్‌టీ, ఇసినోఫిల్స్, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఫైలు ముందు పెట్టండి. ఈ జబ్బు తిరగబెట్టే రకం, వచ్చిన చోటే కాకుండా కొత్త అవయవంలోనూ రావొచ్చు. అందుకని పాంక్రియాస్ బాగుపడినా క్రియాటినిన్, మూత్రం పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి చేయించుకుంటూనే ఉండాలి. మూడేళ్ల తర్వాత రెప్ప వాస్తే కంటి డాక్టరు గదిలోకి కూడా ఆ పేజీ తీసుకెళ్లండి.